గోలీ నిలవాలంటే గుంట ఎంత లోతుండాలి?

33 గుంటలు, 32 గోలీలు. నడిమి గుంట ఖాళీ. ఒక గోలీ తన పక్కనున్న గోలీ మీదుగా అవతలి ఖాళీలోకి దూకితే, మధ్యలోది పలక దిగిపోతుంది. చివరికి ఒక్కటే మిగలాలి, అదీ నడిమి గుంటలో. మన ఇళ్లలో ప్లాస్టిక్ పలక మీద ‘బ్రెయిన్‌విటా’ పేరుతో తెలిసిన ఆట ఇదే. యూరప్‌లో దీని పేరు సాలిటేర్. 1697 నాటి ఒక ఫ్రెంచి చిత్రంలో సుబీజ్ రాకుమారి పక్కన ఈ పలక కనిపిస్తుంది. 1710లో గణితవేత్త లైబ్నిజ్ దీని గురించి రాశాడు.

ఇంత పాత ఆటను మంచి చెక్కలో చేసుకోవడం కష్టమేమీ కాదు. ఒక రౌటర్, ఒక గుండ్రని ముక్కు బిట్, ఎండిన చెక్క ఉంటే చాలు. అయినా ఇంట్లో చేసిన పలకల్లో చాలావాటిలో ఏదో ఒక తేడా ఉంటుంది. ఒక గుంటలో గోలీ ఊగుతుంది, ఇంకోదాంట్లో మునిగిపోతుంది, ఒకటి తీయబోతే పక్కది కదులుతుంది. చెయ్యి తిరగకపోవడం వల్ల ఇలా జరుగుతుందని అనుకుంటారు. నేను ఒప్పుకోను. రౌటర్ స్విచ్ వేయడానికి ముందు కాగితం మీద తేలాల్సిన నాలుగైదు అంకెలు తేలకపోవడమే కారణం. ఆ అంకెల సంగతి చూద్దాం.

బిట్ ఎంత, గోలీ ఎంత

తలుపు అంచులకు నగిషీ తీయడానికి, గాడులు కొట్టడానికి వడ్రంగులు వాడే కరెంటు యంత్రమే రౌటర్. కింద బిగించిన బిట్ ఏ ఆకారంలో ఉంటే చెక్కలో ఆ ఆకారమే పడుతుంది. గోలీల గుంటకు వాడేది కోర్‌బాక్స్ బిట్. దాని ముక్కు సగం బంతి ఆకారంలో ఉంటుంది. బిట్ నిలువుగా దిగి నిలువుగా లేవాలి కాబట్టి ప్లంజ్ రౌటర్ కావాలి. ఎంత లోతుకు దిగి ఆగాలో దాని ఆపుడు కడ్డీ మీద ముందే బిగించుకోవచ్చు.

ఇక్కడే మొదటి నిర్ణయం. 16 మి.మీ. గోలీకి 16 మి.మీ. బిట్ వాడితే గోలీ గుంటలో సరిగ్గా అతుక్కుపోతుంది కదా అనిపిస్తుంది. గోలీలన్నీ కచ్చితంగా ఒకే కొలతలో ఉంటే అది నిజమే. 16 మి.మీ. అని కొన్న పొట్లంలోని గోలీలను వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే కొన్ని 15.5, కొన్ని 16.5 తేలడం మామూలే. 15.5 గోలీ ఆ గుంటలో అడుగున ఒక్క బిందువు మీదే ఆని అటూ ఇటూ ఊగుతుంది. 16.5 గోలీ అంచు మీద కూర్చుంటుంది. ఒకే పలక మీద రెండు రకాల నడక.

అందుకే బిట్ గోలీ కంటే చిన్నదై ఉండాలి. అప్పుడు ప్రతి గోలీ గుంట అంచు మీదే, వలయమంతా ఆనుకుని కూర్చుంటుంది, అడుగును తాకదు. బజారులో సులువుగా దొరికే అర అంగుళం బిట్, అంటే 12.7 మి.మీ., 16 మి.మీ. గోలీకి బాగా సరిపోతుంది. గోలీ వ్యాసంలో అయిదింట నాలుగు వంతులు అనుకోవచ్చు. అదే లెక్కన 25 మి.మీ. పెద్ద గోలీలకు 19 లేక 20 మి.మీ. బిట్ కావాలి.

చిన్న బిట్ వల్ల ఒరిగే లాభాన్ని లెక్క వేసి చూడవచ్చు. 12.7 బిట్‌ను 4 మి.మీ. దింపితే గుంట నోరు 11.8 మి.మీ. వస్తుంది. దాంట్లో 16 మి.మీ. గోలీ 2.6 మి.మీ. దిగుతుంది. 15.5 గోలీ 2.72, 16.5 గోలీ 2.48 దిగుతాయి. గోలీల్లో ఒక మి.మీ. తేడా ఉన్నా, గుంటలోకి దిగడంలో తేడా మి.మీ.లో నాలుగో వంతు కూడా లేదు. గోలీల లోపాన్ని గుంట మింగేస్తుంది.

లోతు లెక్క

గుంట నోటి వెడల్పు కట్టే పద్ధతి బడి జ్యామితిలోనిదే. బిట్ వ్యాసంలోంచి లోతు తీసేయండి. మిగిలినదాన్ని లోతుతో గుణించండి. వర్గమూలం కట్టి రెట్టింపు చేయండి. 12.7లోంచి 4 తీస్తే 8.7, నాలుగుతో గుణిస్తే 34.8, వర్గమూలం 5.9, రెట్టిస్తే 11.8.

లోతు ఎందుకు 4 మి.మీ.? పలకను నెమ్మదిగా ఒక పక్కకు వంచుతూ పోతే ఎక్కడో ఒకచోట గోలీ అంచు దాటి దొర్లుతుంది. ఆ కోణాన్ని తేల్చేది గోలీ వ్యాసం, గుంట నోటి వెడల్పు మాత్రమే. బరువుతో పనిలేదు. 2 మి.మీ. లోతుకు ఆ కోణం 35 డిగ్రీలు. 3 మి.మీ.కు 42. 4 మి.మీ.కు 47. 5 మి.మీ.కు 51. 6 మి.మీ.కు 52. రెండు నుంచి నాలుగు దాకా మి.మీ.కు సగటున ఆరు డిగ్రీల చొప్పున స్థిరత్వం పెరిగింది. నాలుగు దాటాక ఆ పెరుగుదల మందగించి ఆరు దగ్గర దాదాపు ఆగిపోయింది. ఇంకా లోతు తవ్వితే చెక్క పలచబడటం, దుమ్ము చేరడం తప్ప ప్రయోజనం లేదు. 47 డిగ్రీలంటే చిన్నపిల్లవాడు పలకను వంకరగా ఎత్తి పట్టుకుని నడిచినా, ఎక్కడా కొట్టుకోకపోతే గోలీలు నిలుస్తాయి.

నాలుగుకు ఇంకో బలమైన కారణం ఉంది. నా దృష్టిలో అసలు కారణం అదే. రౌటర్ ఎంత జాగ్రత్తగా బిగించినా లోతులో కొంత తేడా వస్తుంది. పలక కాస్త వంగి ఉండవచ్చు, రౌటర్ అడుగున చెక్కపొట్టు చేరవచ్చు. 2 మి.మీ. లోతు తవ్వాలనుకుని అర మి.మీ. అటూ ఇటూ పోతే గుంట నోరు 8.2 నుంచి 10.1 దాకా మారుతుంది. దాదాపు 2 మి.మీ. తేడా, కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అదే అర మి.మీ. తేడా 4 మి.మీ. లోతు దగ్గర వస్తే నోరు 11.35 నుంచి 12.15 దాకానే మారుతుంది, అంటే 0.8 మి.మీ. లోతు తక్కువైన గుంట ప్రతి తప్పునూ బయటపెడుతుంది. కాస్త లోతైన గుంట దాన్ని దాచుకుంటుంది. 33 గుంటలు పక్కపక్కన ఉండే పలక మీద ఇది చిన్న విషయం కాదు.

గుంట అడుగున నల్లగా కాలిన మచ్చ పడటం ఈ పనిలో అందరూ చెప్పే బాధ. దీనికీ ఒక అంకె ఉంది. నిమిషానికి 20,000 చుట్లు తిరిగే 12.7 మి.మీ. బిట్ అంచు సెకనుకు 13 మీటర్లు, అంటే గంటకు 48 కిలోమీటర్ల వేగంతో చెక్కను కోస్తుంది. ముక్కు సరిగ్గా కొసన ఆ వేగం సున్నా. అక్కడ బిట్ కోయదు, రాస్తుంది. అడుగుకు చేరాక ఒక్క క్షణం ఆగినా చెక్క కాలుతుంది. నిదానంగా దింపితే మేలని చాలామంది అనుకుంటారు గానీ, తడబాటు లేకుండా దింపి వెంటనే లేపడమే సరైన పద్ధతి. దానికి ముందు ప్రతి గుంట నడుమ 3 మి.మీ. డ్రిల్ బిట్‌తో 3.5 మి.మీ. లోతు రంధ్రం వేస్తే ముక్కుకు రాసే చెక్క దాదాపు ఉండదు. ఆ రంధ్రం అంచు దగ్గర గుంట లోతు 3.8 మి.మీ., కాబట్టి రంధ్రం ఆనవాలు లేకుండా గుంటలో కలిసిపోతుంది.

పాతిక మిల్లీమీటర్ల ఎడం

గుంట నడుమ నుంచి గుంట నడుమకు 25 మి.మీ. పెడితే పక్కపక్క గోలీల మధ్య 9 మి.మీ. సందు ఉంటుంది. వేలికొనలు దిగడానికి అంత కావాలి. 20కి తగ్గిస్తే సందు 4 మి.మీ.కు పడిపోయి, ఒకటి పట్టుకోబోతే పక్కది లేస్తుంది.

పాతిక ఎడంతో పలక పరిమాణం దానంతట అదే తేలుతుంది. ఏడు గుంటల వరుసలో ఆరు ఎడాలు, 150 మి.మీ. నడిమి గుంట నుంచి అన్నిటికంటే దూరపు గుంట 79 మి.మీ. దూరంలో ఉంటుంది. ఆట దిగిన గోలీలు దొర్లి చేరడానికి చుట్టూ గుండ్రని గాడి కావాలి. 79కి గోలీ సగం 8, సందు 10, మళ్లీ గోలీ సగం 8 కలిపితే గాడి నడిమి గీతకు వ్యాసార్ధం 105 మి.మీ. ఆ గాడిలో పక్కపక్కన 41 గోలీలు పడతాయి. మనవి 32 కాబట్టి అన్నీ చేరినా దొర్లడానికి చోటు మిగులుతుంది. గాడికి అవతల గట్టి అంచు కలుపుకుంటే పలక వ్యాసం 250 మి.మీ. తేలుతుంది. మందం 20 మి.మీ. ఉంటే చాలు.

గాడి కొట్టడానికి రౌటర్‌కు ఒక పట్టీ బిగించి, దాని రెండో కొసను పలక నడుమ మేకు మీద తిప్పుతారు. ఆ మేకు రంధ్రాన్ని 3.5 మి.మీ. లోతు దాటకుండా వేస్తే తర్వాత నడిమి గుంట దాన్ని మింగేస్తుంది. అందుకని గాడి ముందు, గుంటలు తర్వాత. గాడిని ఒకేసారి 4 మి.మీ. కొట్టకుండా 2 చొప్పున రెండు దఫాలుగా కొట్టాలి. పలక బయటి అంచును గుండ్రం చేసేటప్పుడు రౌటర్‌ను గడియారం ముళ్లకు ఎదురు దిశలో నడపాలి. బిట్ పైనుంచి చూస్తే గడియారం దిశలో తిరుగుతుంది. దానితో పాటే నడిపితే యంత్రం చేతుల్లోంచి లాక్కుపోతుంది.

33 గుంటలనూ గీతలు గీసి కంటితో చూస్తూ తవ్వితే ఎంత చెయ్యి తిరిగిన వడ్రంగికైనా వరుస చెడుతుంది. 6 మి.మీ. ప్లైవుడ్ మీద టెంప్లేట్, అంటే రంధ్రాల అచ్చు, చేసుకోవాలి. రౌటర్ అడుగున బిగించే గైడ్ బుష్ అనే కడియం బయటి వ్యాసం అయిదు ఎనిమిదో వంతుల అంగుళం, అంటే 15.9 మి.మీ. లోపలి వ్యాసం 13.5 మి.మీ., దాంట్లోంచి 12.7 బిట్ తగలకుండా తిరుగుతుంది. టెంప్లేట్‌లో 16 మి.మీ. రంధ్రాలు వేస్తే బుష్ వాటిలో పదో వంతు మి.మీ. సందుతో కూర్చుంటుంది. ఆపై గుంటల పని యాంత్రికమే: పెట్టు, దించు, లేపు.

కాబట్టి నేర్పంతా టెంప్లేట్ మీదే పెట్టాలి. దాన్ని పరీక్షించే తేలిక మార్గం ఒకటుంది. సిలువ ఆకారంలోని రెండు పట్టీలూ 50కి 150 మి.మీ. దీర్ఘచతురస్రాలు. వాటి కర్ణాలు నాలుగూ 158.1 మి.మీ. ఉండాలి. ఏ ఒక్కటి తేడా వచ్చినా టెంప్లేట్ పక్కన పడేసి ఇంకోటి చేయండి. ఒక ప్లైవుడ్ ముక్క పోతుంది, మంచి చెక్క నిలుస్తుంది.

నాలుగు గుంటలు ఎక్కువైతే

సిలువ ఆకారపు నాలుగు లోపలి మూలల్లో తలా ఒక గుంట చేరిస్తే పలక గుండ్రంగా, నిండుగా కనబడుతుంది. ఆ చోట్లు నడుమ నుంచి 71 మి.మీ. దూరంలోనే ఉంటాయి గనుక గాడికి అడ్డం రావు. అందం కోసం తవ్వాలనిపించడం సహజం. నిజానికి 37 గుంటల పలక ఫ్రాన్సులో వాడుకలో ఉన్నదే. అయితే ఆ పలక మీద నడిమి గుంట ఖాళీగా పెట్టి మొదలుపెడితే ఒక్క గోలీ మిగిలేలా ఆటను ముగించడం అసాధ్యం. ఇది గణితం రుజువు చేసిన సంగతి. ఖాళీ వేరేచోట పెట్టి మొదలుపెట్టాలి. తెలియక 37 తవ్వి పిల్లలకు పాత నియమాలతో ఇస్తే, వాళ్లు ఎన్నాళ్లు తల పట్టుకున్నా గెలవలేరు. అది వాళ్లకు చేసే అన్యాయం.

33 గుంటల పలక మీద మాత్రం నడుమ మొదలుపెట్టి నడుమ ముగించవచ్చు. ఒక్కో గుంట నిండి ఉండటం లేదా ఖాళీగా ఉండటం అనుకుంటే పలక మీద ఊహించగల అమరికలు 858 కోట్ల 99 లక్షల 34 వేల 592. ముగింపుకు 31 దూకుళ్లు తప్పవు. ఒకే గోలీ వరుసగా దూకితే దాన్ని ఒకే ఎత్తుగా లెక్కిస్తూ 18 ఎత్తుల్లో ముగించే దారిని ఎర్నెస్ట్ బెర్గోల్ట్ 1912లో కనిపెట్టాడు. అంతకంటే తక్కువలో కుదరదని జాన్ బీస్లీ 1964లో తేల్చాడు.

సాలిటేర్ చేతికి వచ్చాక చాలామంది చూపు చైనీస్ చెక్కర్స్ మీదికి పోతుంది. పేరులో చైనా ఉన్నా, ఆ నక్షత్రపు పలక 1892లో జర్మనీలో పుట్టింది. 121 గుంటలు, ఆరుగురికి తలా 10 చొప్పున 60 గోలీలు. గుంటకు అర నిమిషం పట్టినా తవ్వకం ఒక్కటే గంట పని. ఇక్కడ వరుసల మధ్య దూరం 25 కాదు. త్రికోణాల అమరిక కాబట్టి 25ని 0.866తో గుణించి 21.65 పెట్టాలి. లెక్క సులువని 22 పెడితే ఒక్కో వరుసకు 0.35 మి.మీ. చొప్పున, 16 ఎడాలకు 5.6 మి.మీ. పెరిగి నక్షత్రం సాగిపోతుంది.

చెక్క, గోలీ, దుమ్ము

మన దగ్గర మొదట గుర్తొచ్చేది టేకు. మంచి ఎంపికే. టేకులో సిలికా ఉంటుంది, మామూలు ఉక్కు బిట్ త్వరగా మొద్దుబారుతుంది. కార్బైడ్ బిట్ వాడాలి. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి పెరుగుదల వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుంచించుకుపోతుంది. నిలువునా దాదాపు ఏమీ తగ్గదు. 250 మి.మీ. పలకలో తేమ ఒక శాతం మారితే వెడల్పు అర మి.మీ. దాకా మారుతుంది. ఎండాకాలానికీ వానాకాలానికీ తేమ 4 శాతం మారితే గుండ్రని పలక 2 మి.మీ. మేర కోడిగుడ్డు ఆకారానికి జరుగుతుంది. గుంటలకు దీనివల్ల ఇబ్బంది లేదు. పలకను బిగుతుగా ఏ పెట్టెలోనో, చట్రంలోనో దింపితే మాత్రం వానాకాలంలో ఇరుక్కుంటుంది. చుట్టూ 2 మి.మీ. వదలండి.

16 మి.మీ. గాజు గోలీ బరువు 5.4 గ్రాములు. 32 కలిపితే సుమారు 170 గ్రాములు. అదే కొలతలో టేకు గోలీ 1.4 గ్రాములే. వంచితే దొర్లే కోణం రెండిటికీ ఒకటే అయినా, వేలు తగిలితే చెక్క గోలీ ఎగిరిపడుతుంది. గాజే మేలు.

ఈ గోలీలు మూడేళ్లలోపు పిల్లలకు అందకూడదు. ఆ వయసు వాళ్ల కోసం 44.4 మి.మీ. లేదా అంతకంటే చిన్న బంతి అమ్మడాన్నే అమెరికా నిబంధనలు నిషేధించాయి. మన గోలీ అందులో సగం కూడా లేదు. చెక్క దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో నిర్ధారించింది. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు, చెవులకు మూతలు లేకుండా రౌటర్ ముట్టుకోవద్దు.

వామన గుంటలకు వేరే లెక్క

రౌటర్, టెంప్లేట్ పద్ధతి వచ్చాక మన ఆట ఒకటి చేయకుండా ఉండటం నాకు నచ్చదు. వామన గుంటల పీటకు రెండు వరుసల్లో ఏడేసి, 14 గుంటలు. గుంటకు 5 గింజలు వేస్తే 70 కావాలి. దీనికి పైన చెప్పిన గుంట పనికిరాదు. గోలీ గుంట ఒక్కదాన్ని పట్టి ఉంచాలి. వామన గుంట వేళ్లతో ఒక్క ఊడ్పులో గింజలన్నిటినీ వదిలేయాలి. అందుకని వెడల్పు ఎక్కువ, అడుగు చదును, అంచులు వంపు. 60 మి.మీ. వెడల్పు, 18 మి.మీ. లోతు సరిపోతాయి. గుంటకు 50 మిల్లీలీటర్లకు కాస్త తక్కువ చోటు వస్తుంది, ఆట మధ్యలో ఒకే గుంటలో గింజలు పోగుపడినా పొర్లవు.

అడుగు చదునుగా, మూలలు వంపుగా కోసే 19 మి.మీ. బౌల్ బిట్, 30 మి.మీ. బుష్ వాడితే రెంటి తేడా 11, దాన్ని 60కి కలిపితే టెంప్లేట్ రంధ్రం 71 మి.మీ. ఉండాలి. గుంటల నడుమ నుంచి నడుమకు 76 పెడితే టెంప్లేట్ రంధ్రాల మధ్య 5 మి.మీ. గోడ నిలుస్తుంది. చుట్టూ 22 మి.మీ. అంచుతో పీట 560కి 180 మి.మీ. తేలుతుంది. మందం 25, గుంట కింద 7 మి.మీ. మిగులుతుంది. 18 మి.మీ. లోతును ఒకేసారి కాకుండా 6 చొప్పున మూడు దఫాలుగా తవ్వాలి.

ఇవి నేను లెక్క వేసిన కొలతలు. పాత పీటలు చేసినవాళ్లు తరాల వాడకంలో తేల్చుకున్న కొలతలు వీటికంటే మేలైనవి కావచ్చు. మీ ఇంటి అటక మీద అలాంటి పీట ఉంటే దించి, గుంట వెడల్పు, లోతు, ఎడం, చెక్క మందం స్కేలుతో కొలిచి, ఏ చెక్కో కనుక్కుని రాసిపెట్టండి. ఈ అయిదు వివరాలు చాలు, మీ ఊరి వడ్రంగి దానికి జతను చేసివ్వగలడు.